అరికాళ్లు ఎరగని నేల

అప్పాసామి నిలబడి ముఖం కడుక్కోడు. తొట్టి పక్కన రాతిమీద కూర్చుని, ఎడమచేత్తో గోడ పట్టుకుని, అప్పుడుగానీ కళ్లు మూసి నీళ్లు చల్లుకోడు. పడుకునే గదిలో చిన్న బల్బు వెలుగుతూనే ఉండాలి. చావు దాకా పోయి వచ్చిన మనిషికి చీకటి భయం పట్టుకుందేమో అనుకుంది భార్య కాంచన. పదకొండేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

వేలూరు పెద్దాసుపత్రికి వెళ్లింది ఎనభై ఏడులో. కుడి బీజంలో క్యాన్సరు. గజ్జలో కోసి బీజం తీసేశారు. తర్వాత నాలుగు విడతలు మందు ఎక్కించారు. తమ ఊరు గుడియాత్తంలో మాత్రం హెర్నియా అని చెప్పారు. కోత రెండింటికీ ఒకేచోట కాబట్టి ఎవరూ అనుమానించలేదు. జుట్టు రాలిందేమంటే టైఫాయిడ్ అన్నారు. ఏడాదికోసారి పరీక్షకు రమ్మన్నా, ఎవరైనా చూస్తారని రెండేళ్లకే మానేశారు. మూడో ఏట చిత్ర పుట్టింది. ఇక ఆ అబద్ధాన్ని విప్పే దారి లేకపోయింది. బీజం తీసేసినవాడికి బిడ్డ ఎట్లా పుట్టిందని వీధిలో ఒక్కరు అడిగితే చాలు, ఆ మాట పిల్లను బతికినంతకాలం వదలదు.

తొంభై ఎనిమిదిలో ఊళ్లో ఎటు చూసినా కొత్త మేడలు లేస్తున్నాయి. ఒక మధ్యాహ్నం రెండో అంతస్తు ఎత్తున కర్రలతో కట్టిన సారవ మీద నిలబడి గోడ పూస్తుంటే అప్పాసామి కంట్లో సిమెంటు దుమ్ము పడింది. కళ్లు మూశాడు. అంతే, కింద ఉన్నాడు. ఇసుక కుప్ప మీద పడబట్టి ప్రాణం దక్కింది కానీ ఎడమ తొడ ఎముక విరిగింది.

అతన్ని నర్సింగ్ హోముకు తెచ్చింది మేస్త్రీ రంగరాజులు. అప్పాసామికి పెదనాన్న కొడుకు.

"కండ్లు మూసుకోని సారవ మీద డాన్సు కట్టినాడమ్మా నీ మొగుడు" అన్నాడు కాంచనతో. నవ్వబోయి మానేశాడు.

మత్తు ఇచ్చే డాక్టరమ్మది చిత్తూరు. ఆమె గుండుసూదితో అప్పాసామి విరగని కాలి పాదం మీద గుచ్చింది.

"తెలుస్తోందా?"

అప్పాసామి తల ఎత్తి కాలివైపు చూశాడు. "తెలస్తాది తల్లీ, గుచ్చినావు."

"చూసి చెప్పడం కాదు నాయనా. కళ్లు మూసుకో."

మూసుకున్నాడు. ఆమె రెండు పాదాల మీదా అయిదుచోట్ల గుచ్చింది. బొటనవేలి కింద నెత్తురు బొట్టు తేలింది. అతను ఇంకా ఎప్పుడు గుచ్చుతుందా అని ఎదురుచూస్తున్నాడు. కాంచన ఆ బొట్టు వంకే చూస్తూ ఉండిపోయింది.

"షుగర్ ఉందా? ఇంతకుముందు పెద్ద జబ్బేమైనా?"

"హెర్నియా ఆపరేషన్ ఒకటి తల్లీ" అన్నాడు రంగరాజులు ముందుకొచ్చి. "నేనే బత్తాయిలు తీసకపోయినా."

"అంతేనా?" డాక్టరమ్మ కాంచనను అడిగింది.

"అంతేనమ్మా" అంది కాంచన. పదకొండేళ్లుగా అలవాటైన మాట దానంతటదే వచ్చింది.

"రెండు కాళ్లూ ఇట్లా మొద్దుబారి ఉంటే నడుములో సూది వెయ్యడం నాకిష్టం లేదు. పూర్తి మత్తిచ్చి, ఆక్సిజన్ బాగా పెట్టి చేద్దాం."

వేలూరులో పసుపు కార్డు చేతిలో పెట్టి ముసలి డాక్టరు చెప్పిన మాట కాంచనకు గుర్తొచ్చింది. "ఈ మందు ఊపిరితిత్తుల్ని చాలా ఏళ్లు వదలదమ్మా. ఎప్పుడు మత్తివ్వాల్సి వచ్చినా ఇది చూపించు. ఎక్కువ ఆక్సిజన్ వీడికి విషం కావచ్చు."

స్ట్రెచర్ కదిలింది. ఒక పక్క రంగరాజులు నిలబడి ఉన్నాడు. ఆయన నోట పడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. కాంచన స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని ఆపింది.

"హెర్నియా కాదమ్మా. కుడి బీజంలో క్యాన్సరు. తీసేసినారు. మందు ఎక్కించినారు. ఆక్సిజన్ ఎక్కువ పెట్టకూడదని కార్డు ఇచ్చినారు."

అప్పాసామి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"కార్డు యాడుండాది?" అని అడిగింది రంగరాజులే.

"బియ్యం డ్రమ్ములో, అడుగున."

పావుగంటలో తెచ్చాడు. మోచేతి దాకా బియ్యప్పిండి అంటుకుని ఉంది. డాక్టరమ్మ నిలబడే చదివి, వేలూరుకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చి స్టూలు లాక్కుని అప్పాసామి పక్కన కూర్చుంది.

"ఈ జబ్బు నుంచి బయటపడినవాళ్ల గురించి పుస్తకాల్లో చదివానంతే. ఇన్నేళ్లు బతికి పనిచేస్తున్న మనిషిని ముట్టుకోవడం ఇదే మొదలు. ఆ మందే నిన్ను బతికించింది, కాళ్లలో నరాల కొసలు కాల్చిందీ అదే. చెవుల్లో హోరుంటుందా?"

"ఉండాది తల్లీ. ఆగదు."

"ముందు ముందు మూత్రపిండాలు, బీపీ, గుండె, అన్నీ చూపించుకోవాలి. ఏడాదికోసారి, బతికినంతకాలం. పిల్లలున్నారా?"

"ఒక పాప. ఎనిమిదేళ్లు" అంది కాంచన, తల ఎత్తకుండా.

"ఒక బీజం చాలమ్మా. మందు ఆపిన రెండు మూడేళ్లకు చాలామందికి పిల్లలు పుడతారు" అంది డాక్టరమ్మ. అందరికీ వినబడేలా చెప్పింది.

రంగరాజులు ఆ మాట విన్నాడో లేదో. తమ్ముడి పాదాలను చూస్తున్నాడు.

"ఒరే, పదకొండేండ్లు నా సారవ ఎక్కినావు కదరా. నేల తెలీకుండానే ఎక్కినావా? నాకు రెండు కాళ్లూ బాగుండి మూడుతూర్లు పడినా!"

"చూసి అడుగేస్తా అన్నా. కండ్లు మూస్తే కాళ్లు యాడుండాయో తెలీదు."

"చెప్పినుంటే నేలమీద పని ఇచ్చినుంటానే!"

"నేలమీద పని ఎందుకని నలుగురూ అడిగినుంటారు గదన్నా."

కాంచనకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తొట్టి పక్క రాయి, ఆరని బల్బు, ఆయన పట్టుకునే గోడ. తాను జబ్బును దాచింది, ఆయన కాళ్ల మొద్దును దాచాడు. ఇద్దరూ దాచింది ఒక్కదాన్నే.

ఆక్సిజన్ కొలిచి కొలిచి పెట్టి మూడు గంటలు ఆపరేషన్ చేశారు. బయట బెంచీ మీద రంగరాజులు ఒక్కసారే నోరు విప్పాడు. "చిత్ర ముక్కు వాడిదేమ్మా. ఎవడన్నా అడగనీ, నేను చెప్తా." ఆ సాయంత్రం ఊరికి ఏమీ తెలియలేదు. తర్వాతా తెలియలేదు.

అప్పాసామి ఊపిరి నిదానంగా తీస్తూ బయటికి వచ్చాడు.

నాలుగు నెలలకు ఇద్దరూ బస్సెక్కి వేలూరు వెళ్లి రక్తం, మూత్రం, గుండె పరీక్షలు చేయించుకుని కొత్త కార్డుతో వచ్చారు. మరునాడు పొద్దున అతను చేతికర్ర గోడకు ఆనించి, రాతిమీద కూర్చుని ముఖం కడుక్కుని లోపలికి వెళ్లాడు.

కాంచన తొట్టి దగ్గర నిలబడింది. కళ్లు మూసుకుంది. నేల తెలుస్తోంది. చల్లగా, గరుకుగా, చిటికెన వేలి కింద ఒక ఇసుక రేణువు కూడా. ఇదేదీ తెలియకుండా ఆయన ఊళ్లో ఎన్ని మేడలు లేపాడో!

ఆమె చాలాసేపు కళ్లు తెరవలేదు.