సున్నుండల కొండలు

రెండు వేల ఇరవై నాలుగు నవంబరు పన్నెండు, మంగళవారం. ఆ పొద్దున మా ఇంట్లో దిబ్బరొట్టె, అల్లప్పచ్చడి. రొట్టెకున్న కరకరలాడే అంచంతా తుంచి నా పళ్ళెంలో వేసి, మెత్తటి నడిమి ముక్క సుభద్ర తీసుకుంది. ముప్పై ఒక్కేళ్ళుగా అదే పంపకం. నాకు అంచు ఇష్టమని అలా పెట్టేది. తనకేది ఇష్టమో నేనెప్పుడూ అడగలేదు. మధ్యాహ్నం రెండింటికి, ఆమె పనిచేసే మనురేవాలోని బట్టల షాపు నుంచి ఫోనొచ్చింది. నేను వెళ్ళేసరికి అంబులెన్సు వాళ్ళు తమ సంచులు సర్దుకుంటున్నారు.

"ఏకాదశి నాడు పోయింది, పుణ్యాత్మురాలు" అన్నారు పలకరించడానికి వచ్చినవాళ్ళు. విన్నాను. కానీ ఆ మాట లోపల ఎక్కడా నిలవలేదు.

ఆక్లాండ్ శివారు పాపకూరలో మాది చిన్న ఇల్లు. రాత్రి నేను ముందు పడుకునేవాణ్ణి. సుభద్ర పాలు తోడుపెట్టి, వంటింట్లో దీపం ఆర్పి, చివరగా వచ్చి పడగ్గది తలుపు వేసేది. పిడి తిప్పి పట్టుకుని, నెమ్మదిగా వదిలేది. చప్పుడయ్యేది కాదు. ఆమె పోయాక ఆ తలుపు నేను వెయ్యలేదు. చివరగా రావలసిన మనిషి ఇంకా రాలేదన్నట్టు రోజూ తెరిచే ఉండేది. రాత్రుళ్ళు ఫ్రిజ్ మోత పడక దాకా వినిపించేది. ఒక్కోసారి ఆ మోత కూడా తోడులాగే అనిపించేది.

మా అమ్మాయి లాస్య ఫిజియోథెరపిస్టు. శాండ్రింగ్‌హామ్‌లో ఫ్లాట్ తీసుకుని ఉంటుంది. ఆగస్టులో ఓ ఆదివారం వచ్చి లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

"నాన్నా, డోంట్ సే నో. ఫిలిప్పీన్స్. ఏడు రోజులు. అమ్మ ఆ చాక్లెట్ హిల్స్ అని గోల చేసేది కదా?"

గోల చేసిన మాట నిజమే. ఓసారి టీవీలో ఆ కొండల్ని చూపించారు. వందల కొద్దీ గుండ్రటి కొండలు, గోధుమరంగులో, ఒకదాని పక్కన ఒకటి. "ఏమండీ, ఎవరో పళ్ళెంలో సున్నుండలు పేర్చినట్టు లేవూ? మీరు రిటైరయ్యాక వెళ్దాం" అంది. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే ఉద్యోగం నుంచి నేను రిటైరై ఏడాదిన్నర అయింది. అప్పటికి సుభద్రకి ఇంకా రెండేళ్ళ ఉద్యోగం మిగిలి ఉంది. ఆవిడ కూడా మానేశాక వెళ్దామనుకున్నాం.

"ఒక్కణ్ణే ఏం వెళ్తాను తల్లీ?"

"ఒక్కడివి కాదు, గ్రూప్ టూర్. నవంబర్ రెండుకి ఇంట్లో ఉంటావు. పన్నెండుకి నేను లీవ్ పెట్టా. ఆ రోజు ఇద్దరం కలిసే ఉందాం."

ఇక్కడ పుట్టిన పిల్ల. తేదీ అంటే ఇంగ్లీషు తేదీయే. ఆ పిల్లననడం దేనికి, బాపట్లలో పుట్టిన నేను కూడా సరేనన్నాను.

అక్టోబరు మొదట్లో మినప్పప్పుకని శాండ్రింగ్‌హామ్ వెళ్తే, కొట్టు గోడకి తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. డబ్బులిచ్చి పక్కకి జరిగినవాణ్ణి ఊరికే కాగితం తిప్పాను. కార్తీక శుద్ధ ఏకాదశి, నవంబరు ఒకటి, శనివారం. ఏడాది తిరిగేది ఆ రోజు. ఆ రోజు నేను ఫిలిప్పీన్స్‌లో బస్సులో ఉంటాను. వెనకనున్నావిడ "అంకుల్, మీ బాగ్" అని అందించేదాకా అలాగే నిలబడ్డాను.

పురోహితులు శ్రీరామచంద్రమూర్తిగారికి ఫోన్ చేశాను. ఆయన పగలు వేర్‌హౌస్‌లో పనిచేస్తారు. వెనక ఫోర్క్‌లిఫ్టుల కూతలు వినబడుతున్నాయి.

"కాన్సిల్ చేసుకోలేరా శ్రీపతిగారూ?"

"పిల్ల ముచ్చటపడి చేసిందండీ. తెలిస్తే అమ్మ రోజు తనే చెడగొట్టానని కుమిలిపోతుంది."

"అయితే ఇలా చెయ్యండి. మధ్యాహ్నం దాటాక ఏదన్నా నదిలో గోత్రం, పేరు చెప్పుకుని మూడుసార్లు నువ్వులూ నీళ్ళూ వదలండి. ఆవిణ్ణి తలుచుకుని ఒక్కరికైనా మీ చేత్తో అన్నం పెట్టండి. మిగతాది వచ్చాక నేను చూసుకుంటాను."

టూర్ కాగితాలు తీసి చూశాను. నవంబరు ఒకటి, ఆఖరి రోజు. ఉదయం కొండలు. మధ్యాహ్నం నది మీద పడవ, అందులోనే భోజనం. సాయంత్రం విమానం. నది దానంతట అదే నా దారికి వచ్చింది. చిన్న పొట్లంలో నల్ల నువ్వులు కట్టుకున్నాను. బయల్దేరే ముందురోజు కూర్చుని సున్నుండలు చేశాను. జీవితంలో మొదటిసారి. నెయ్యి చాలక సగం చిట్లిపోయాయి. పన్నెండు మిగిలాయి.

బస్సులో సీట్లు రెండేసి. పదకొండుమందిమి. మిగతా అందరూ జంటలే. నా పక్కసీట్లో నా సంచీ కూర్చుంది. గైడు మారిసెల్‌కి యాభై ఏళ్ళుంటాయి. రోజూ ఎక్కగానే లెక్కపెట్టుకునేది. నా దగ్గరకొచ్చేసరికి సంచీ మీద కూడా చెయ్యి వేసి "పన్నెండు" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. మూడోరోజున ఆవిడ నా ముఖం చూసింది కాబోలు, తర్వాత సంచీని లెక్కపెట్టలేదు.

ఒకటో తారీఖు తెల్లవారకముందే స్నానం చేశాను. హోటల్లో ఏమీ తినలేదు. కొండ పైన మెట్లెక్కి చూస్తే, ఎక్కడ చూసినా పచ్చదనం. ఒక్క సున్నుండ లేదు.

"గోధుమరంగులో ఉంటాయన్నారే?" అన్నాను.

"అది ఎండాకాలం సర్. ఇప్పుడు వానలు. చాక్లెట్ కరిగిపోయింది" అంది మారిసెల్. ఆ జోకు ఆవిడ వందసార్లు చెప్పి ఉంటుంది.

ఫోటో తీసి లాస్యకి పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"నాన్నా, ఇవా అవి? అమ్మ చెప్పినట్టు లేవే!"

"లేవమ్మా."

"డిసప్పాయింట్ అయ్యావా? తిన్నావా?"

"తింటాను. మధ్యాహ్నం పడవలో."

"గొంతు అలా ఉందేంటి?"

"మెట్లెక్కాను కదా. ఆయాసం."

కొండ దిగాక బస్సు ముందుకి కదల్లేదు. దారంతా జనం. చేతుల్లో పూలు, కొవ్వొత్తుల కట్టలు, అన్నం గిన్నెలు, మడత కుర్చీలు. ఎక్కడో జాతర అనుకున్నాను. మారిసెల్ ఫోన్లో ఏదో మాట్లాడి, లేచి నిలబడి చేతులు జోడించింది.

"క్షమించాలి. ఇవాళ మా పితృదేవతల రోజు. పడవవాళ్ళు పొద్దున అడిగితే నడుపుతామన్నారు, ఇప్పుడు అందరూ శ్మశానానికి వెళ్ళిపోయారట. పడవ లేదు."

హామిల్టన్ నుంచి వచ్చిన పెద్దాయన గట్టిగా నిట్టూర్చాడు. ఆయన భార్య, పోనీ హోటలుకి వెళ్ళి ఈత కొడదామంది. నా అరచెయ్యి జేబులోని నువ్వుల పొట్లం మీద ఉంది. గడియారం ఒంటిగంట దాటింది. ఐదింటికి విమానాశ్రయంలో ఉండాలి. ఆ ఒక్క పడవ నాకెందుకో బస్సులో ఎవరికీ తెలియదు.

ముందుకు వెళ్ళి మారిసెల్‌తో నెమ్మదిగా అన్నాను. "నన్ను నది ఒడ్డున దించుతారా? పది నిమిషాలు చాలు."

"వంతెన దాకా బస్సు పోదు సర్, దారి మూసేశారు. నదిలో ఏం పని?"

చెప్పాను. భార్య, ఏడాది, నీళ్ళు, నువ్వులు, ఒకరికి భోజనం. ఇంగ్లీషులో చెబుతుంటే అదంతా వేరెవరి కథో అనిపించింది. ఆవిడ నవ్వలేదు, జాలి కూడా పడలేదు. అది ఒక మేలు.

"మీవాళ్ళ రోజు, మావాళ్ళ రోజు ఒకటే వచ్చిందన్నమాట" అంది. "మిగతా వాళ్ళు హోటలుకి వెళ్తారు. మా నాన్న ఇక్కడే ఉన్నాడు. మా అమ్మ పొద్దుటినుంచీ ఆయన దగ్గరే కూర్చుంది. మీరు నాతో రండి. నాలుగింటికి డ్రైవరు ఆర్నెల్ బస్సు వెనక్కి తెస్తాడు."

శ్మశానం గేటు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మనం అక్కడికి ఒకర్ని మోసుకుని వెళ్తాం, వెనక్కి తిరిగి చూడకుండా వస్తాం, తలమీద నీళ్ళు పోసుకుంటే తప్ప గడప తొక్కం. ఇక్కడ సమాధుల మీద పళ్ళేలున్నాయి. పేకాడుతున్నారు. ఎవరో గిటారు వాయిస్తున్నారు. ఒక తల్లి సమాధి పలక మీద చంటిపిల్లని పడుకోబెట్టి విసురుతోంది.

మారిసెల్ తల్లికి ఎనభై దాటాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా భర్త సమాధి మీద ఒక పళ్ళెం వడ్డించి ఉంది. కూతురు చెప్పింది విని, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఏదో అంది.

"మీ ఆవిడ సమాధి ఎక్కడుందని అడుగుతోంది."

"లేదు. దహనం చేశాం. అస్థికలు మా ఊరి పక్క మనుకావు సముద్రపు నీళ్ళలో కలిపాం."

ముసలమ్మ చెయ్యి చాపింది. శ్మశానం మధ్యలో పెద్ద సిలువ. దాని కింద వందల కొవ్వొత్తులు, మైనం కరిగి కాలువలు కట్టింది. తమవాళ్ళని దూరంగా పోగొట్టుకున్నవాళ్ళు, సముద్రంలో పోయినవాళ్ళ తాలూకు మనుషులు, అక్కడ వెలిగిస్తారట. సమాధి లేనివాళ్ళకి కూడా ఒక చోటు ఉంచారు. నేనూ అటు నడిచాను.

కొవ్వొత్తి ఒకటి వెలిగించాను. పక్కనే గోడవార గన్నేరు మొక్క ఉంది. నీళ్ళ సీసా తీసి, అటుగా వెళ్తున్న ఓ కుర్రాణ్ణి "దక్షిణం ఎటు?" అని అడిగాను. చేతుల్లో కుర్చీలున్నాయి, పెదవులు ముందుకి చాచి వాటితోనే చూపించాడు. అటు తిరిగి, గోత్రం చెప్పి, "సుభద్రా" అని, నువ్వులూ నీళ్ళూ మూడుసార్లు మొక్క మొదట్లో వదిలాను. మంత్రాలు గుర్తురాలేదు. పేరు పైకి పలికి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

తిరిగి వచ్చి, వెంట తెచ్చుకున్న డబ్బా తీసి ముసలమ్మకి ఒక సున్నుండ పెట్టాను. చేతిలోనే రెండు ముక్కలైంది. ఆవిడ తిని, మంచినీళ్ళు తాగి, కూతురితో ఏదో అంది. మారిసెల్ చెప్పడానికి మొహమాటపడింది.

"చెప్పండి."

"ఇది చేసినవాడికి నెయ్యంటే భయమా, అంటోంది."

ఏడాదిలో మొదటిసారి కడుపులోంచి నవ్వొచ్చింది. అచ్చం అదే మాట ఇంకొకావిడ అని ఉండేది. ముసలమ్మ రెండోది అడిగి తీసుకుంది. మూడోది తన భర్త పళ్ళెంలో పెట్టింది. తర్వాత అరటాకులో కొబ్బరి, బెల్లం కలిపిన జిగురన్నం వేసి నా ఒళ్ళో పెట్టింది. "ఇందులో మాంసం లేదు సర్" అంది మారిసెల్. పొద్దుటినుంచీ తినని నోటికి వెచ్చగా తగిలింది. ఆవిడ అడుగంటిన మాడు గీకి, అది కూడా నాకే వేసింది. శ్మశానంలో కూర్చుని తిన్నాను. అంచు రుచే వేరు.

నాలుగింటికి బస్సు దగ్గర ఆర్నెల్‌ని నీళ్ళడిగాను, కాళ్ళు కడుక్కోవడానికి. సీసా తీసుకొచ్చి నవ్వాడు. "మీకూ ఉందా సర్? మేమూ శవం ఇంటినుంచి నేరుగా ఇంటికి పోం. మధ్యలో ఎక్కడో కాఫీ తాగి వెళ్తాం. లేకపోతే చచ్చినవాళ్ళు వెంట వస్తారంటారు."

సీసా మూత తీశాను. కాళ్ళమీద ఎర్రమట్టి. కడగబుద్ధి కాలేదు. తర్వాత మూత బిగించి అతనికి ఇచ్చేశాను.

బస్సెక్కి పక్కసీట్లోంచి సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మారిసెల్ చూసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆక్లాండ్ విమానాశ్రయంలో అధికారి అడిగాడు. "చెప్పులకి మట్టి ఉందా?" ఉందన్నాను. ఆ దేశం మట్టి ఈ దేశంలోకి రాకూడదు. ఆ కుర్రాడు నా చెప్పులు లోపలికి పట్టుకెళ్ళి, బ్రష్షుతో తోమి, తడితడిగా తెచ్చి నా కాళ్ళముందు పెట్టాడు. చెప్పులే కడిగాడు. కాళ్ళ సంగతి అడగలేదు.

తీసుకెళ్ళడానికి వచ్చిన లాస్యకి కారెక్కగానే తిథి సంగతి చెప్పేశాను. దాస్తే పన్నెండో తారీఖంతా అబద్ధమవుతుంది. అది రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా పాపకూర దాకా నడిపింది. ఇంటి ముందు ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచింది.

"అమ్మ రోజున నిన్ను ఒక్కణ్ణే పంపించాను."

"ఒక్కణ్ణే కాదమ్మా. అక్కడ ఊరు ఊరంతా ఉంది."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా? ఐ వుడ్ హావ్ కమ్ విత్ యూ."

ఆ ఆలోచనే నాకు రాలేదు. "పన్నెండున రా. రొట్టె వేస్తాను" అన్నాను చివరికి. "నీకు అంచు కావాలా, నడిమి ముక్కా?"

కళ్ళు తుడుచుకుంది. "అంచు. అమ్మకి కూడా అంచే ఇష్టం. నీకు తెలీదా?"

తెలీదన్నట్టు తలూపాను. రేపు పొద్దున్నే పేషెంట్లున్నారని అది వెళ్ళిపోయింది. కారు వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

ఆ రాత్రి పాలు తోడుపెట్టాను. వంటింట్లో దీపం ఆర్పాను. ఫ్రిజ్ మోగుతోంది. పడగ్గది గుమ్మం దాటి, తలుపు పిడి పట్టుకుని, ఒక మనిషి లోపలికి రావడానికి పట్టేంతసేపు ఆగాను. తర్వాత పిడి తిప్పి పట్టుకుని, చప్పుడు కాకుండా వేశాను.