రెక్క తెగిన చేపలు

నేను ఒక పెయింటు బకెట్టును. కాకినాడలో ఓ డాబాకి నా రంగంతా పూసేశాక మేస్త్రీ నాలో సిమెంటు కలిపాడు, తర్వాత ఆ ఇంటావిడ బట్టలు నానబెట్టింది. మనుషులు పాతవాటిని పారేయరు, హోదా మాత్రం తగ్గిస్తారు. చివరికి ఆవిడ కూతురు హైమవతి, చేపల మీద పరిశోధన చేసే పిల్ల, నన్ను జీపులో వేసుకుని మారేడుమిల్లి అడవిలోని ఓ కొండ ఏటికి తెచ్చింది.

ఆ ఏట్లో మహసీర్ చేపలు ఎన్ని మిగిలాయో తేల్చాలి. బోలెడున్నాయంటే చేపల కంట్రాక్టరు పెద్ద వలలు దిగుతాయి. తక్కువంటే అక్కడ ఎవరూ వల వేయకూడదు. లెక్క ఎలాగంటే, పట్టిన చేపకి రెక్క కొస కాస్త కత్తిరించి వదిలేస్తారు. కొన్నాళ్లాగి మళ్లీ వల వేస్తారు. ఆ గుర్తున్నవే పడుతుంటే ఏట్లో ఉన్నవి ఆ కాసినే. గుర్తున్నది ఒక్కటీ పడకపోతే ఇంకా ఎన్నో ఉన్నట్టు.

రెండోసారి వల వేసింది లచ్చిరెడ్డి, ఆ ఏటి చేపల మీదే బతికేవాడు. నన్ను నడుముకి కట్టుకుని నీళ్లలో దిగాడు. గుర్తు లేని చేపను నాలో వేశాడు. రెక్క తెగినదాన్ని మోకాళ్ల చాటున మెల్లగా జారవిడిచాడు. ఒకటి కాదు, పడినవన్నీ. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అరుద్దామంటే ఇంత నోరుండీ మాట లేదు.

ఒడ్డున హైమవతి నాలోకి తొంగిచూసి పాలిపోయింది. ఉన్నవి కొన్నే, ఒక్కదానికీ గుర్తు లేదు.

"ఇలాగైతే ఏటినిండా చేపలేనని రాయాలి బాబాయ్. కంట్రాక్టరు వలలు దింపేస్తాడు."

లచ్చిరెడ్డి తడి వల పిండసాగాడు. నిజం చెబితే అతని వల కూడా మూల పడాల్సిందే. చెప్పకపోతే ఏరే ఖాళీ అవుతుంది. నాలో చేపలు తోకలు కొట్టుకుంటున్నాయి. చెప్పవయ్యా అని లోపల్లోపలే వేడుకున్నాను.

"గుర్తున్నయ్యి పడ్డాయండి అమ్మగోరూ. నేనే వదిలేశానండి," అన్నాడు చివరికి. "ఏటికిచ్చేసిన చేపని మళ్లీ పట్టకూడదని మా తాత మాటండి."

హైమవతి కోప్పడలేదు. ఈ ఒక్కసారికి ఆ మాట పక్కన పెట్టమని బతిమాలింది. మర్నాడు అతను ఏటికి దండం పెట్టి మళ్లీ దిగాడు. సాయంత్రం ఇద్దరూ నా మీదికి వంగి ఒక్కో చేపనీ ఎత్తి చూశారు. దాదాపు అన్నిటికీ రెక్క తెగి ఉంది. ఆ ఏట్లో మిగిలినవి ఇంతేనా అని నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేను లచ్చిరెడ్డి ఇంట్లో ఉంటున్నాను. అతని వల నాలో మడతపెట్టి ఉంది. అతను కట్టెలు కొట్టి బతుకుతున్నా, ఏటికి వెళ్లి చూసి రావడం మాత్రం మానలేదు. మొన్న వచ్చి, నా మూత తీసి, వల మీద చెయ్యి వేసి భార్యతో అన్నాడు:

"వేలెడేసి పిల్లలు తిరుగుతున్నాయే. ఒక్కదానికీ రెక్క తెగలేదు."