ఒక్కరే నడిచిన నిబంధన

నల్ల ద్రాక్షను ఉప్పునీళ్ళలో నానబెట్టి, కాడలు తీసి, మళ్ళీ మంచినీళ్ళలో కడగాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని మంట మీద ఉడికించి, తోలు పగిలి రంగు దిగాక చల్లార్చి, పలుచని గుడ్డలో వడకట్టాలి. పంచదార వేయకూడదు. నెలనెలా మొదటి ఆదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఈ పని నాది. మియాపూర్‌లో మా ఫ్లాట్ హాల్లోనే మా క్రైస్తవ సంఘం కూడుకుంటుంది. మా మామగారు ఏసురత్నంగారు దాన్ని నడుపుతారు. యేసు చివరి విందును తలుచుకుంటూ అందరూ రొట్టె, రసం పుచ్చుకునే ప్రభువు బల్లకు పులియని రొట్టె నేనే కాలుస్తాను, రసం నేనే తీస్తాను, చిన్న గ్లాసులన్నీ నేనే కడిగి తుడుస్తాను, బల్ల మీద తెల్లగుడ్డ నేనే పరుస్తాను. గుడ్డ పరిచాక మాత్రం ఆ బల్లను ముట్టుకోవడానికి నేను పనికిరాను. అక్కణ్ణుంచి అది పెద్దల పని.

ఈ రసం ఉడికే వాసనంటే నాకు గుబులు. వాసన హాల్లోకి వెళ్ళగానే మా ఆయన సైమన్ వంటింటి గుమ్మంలోకి వస్తాడు. తలుపుకు ఆనుకుని, ఫోనులోంచి తలెత్తి, "విమలా, ఏమన్న ఉంటే క్షమించు. రేపు బల్లుంది" అంటాడు. నేను "సరేనండి, క్షమించాను" అంటాను. వెళ్ళిపోతాడు. ఇది మా సంఘం కట్టుబాటు. ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే సమాధానపడకుండా బల్ల దగ్గరికి రాకూడదు. భార్యాభర్తల విషయంలో ఆ కట్టుబాటు మరీ గట్టిది. పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. మా ఇంట్లో అది గ్యాస్ బండ బుక్ చేసినట్టు అయిపోయింది. మామగారు కూడా అదే శనివారం మా అత్తయ్య రూతమ్మను అడుగుతారు. ఆవిడ తల ఊపుతుంది.

పెళ్ళయిన కొత్తలో సైమన్ ఆ మాట అడిగినప్పుడల్లా నాకు కళ్ళు చెమర్చేవి. ఎంత మంచివాడు, నెలనెలా నన్ను క్షమాపణ అడుగుతున్నాడు అనుకునేదాన్ని. బాపట్లలో మా అమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పేదాన్ని కూడా. అడిగేది నాకోసం కాదని, రేపు చేతిలోకి రాబోయే గ్లాసు కోసమని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. తెలిశాక కూడా ఆ మాట అంటూనే ఉన్నాను. అనకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ అనకుండా ఉండి చూడలేదు.

పోయిన బల్లకూ ఈ బల్లకూ మధ్య ఒక గురువారం ఉంది. దాన్ని దాటి ముందుకు వెళ్ళడం నావల్ల కావడం లేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. నేను నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో పనిచేస్తాను. లిఫ్టులు, జనరేటర్లు, క్యాబులు, క్యాంటీను, వీటన్నిటి కాంట్రాక్టులు చూసే విభాగం మాది. ఆ రోజు క్యాబుల కాంట్రాక్టు గడువు ముగుస్తోంది. కొత్తది సంతకాలయ్యేదాకా కదలడానికి లేదు. బయటపడేసరికి వాన, గచ్చిబౌలి దగ్గర వరసగా ఆగిపోయిన బండ్లు. ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందంతా చెప్పులు, లోపల పాట. తడి తల తుడుచుకోకుండానే వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టాను. సైమన్ వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "మందిల నా ఇజ్జత్ తీస్తున్నవ్. చాయ్ కోసం ఎంతసేపు కూసోవాలె వాళ్ళు?" అని చెంప మీద కొట్టాడు. చేతిలో ఉన్న టీపొడి డబ్బా కిందపడి పెద్ద చప్పుడైంది.

హాల్లో పాట ఆగలేదు. గొంతులు కాస్త పెంచి పాడారు. దెబ్బ కన్నా నాకు అదే ఎక్కువ నొప్పి. ఆ పాడేవాళ్ళలో, పురిటినొప్పులు వస్తే నేను ఆఫీసుకు సెలవు పెట్టి దవాఖానకు తీసుకెళ్ళినవాళ్ళు ఉన్నారు. తర్వాత అందరికీ టీ నేనే ఇచ్చాను. అందరూ గ్లాసు వైపే చూసి అందుకున్నారు. ముగింపు ప్రార్థన సైమన్ చేశాడు. బాగా చేశాడు, అబద్ధమెందుకు. మృదువైన గొంతు అతనిది.

మర్నాడు మాస్కు పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. జలుబని చెప్పాను. పక్క సీటు సరిత నావైపు కాసేపు చూసి, "నాకు గూడ ఉండె గా జలుబు. ఒక ఏడాదంత మాస్కు పెట్టుకున్న" అని, తన టిఫిన్ డబ్బా నావైపు జరిపింది. మా మేనేజరు మాత్రం, "విమలగారూ, జలుబైతే హాయిగా ఇంటి నుంచే చేసుకోవచ్చు కదండీ" అన్నాడు. హాయిగా, ఇంటి నుంచి. మాస్కు లోపల నవ్వుకున్నాను. నవ్వితే చెంప లాగింది.

అమ్మకు చెప్పాను. "మగాడికి కోపంలో చెయ్యి లేస్తుందమ్మా. మళ్ళీ క్షమించమని అడుగుతాడుగా, అలా అడిగేవాళ్ళు ఎంతమందుంటారు చెప్పు" అంది. నా మాటే నాకు తిప్పి చెప్పింది పాపం. ఇంట్లో మామగారు నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "బిడ్డా, పెండ్లంటే నిబంధన, దేవుని ముంగట చేసిన ఒడంబడిక. నీ ఆఫీసుల కాంట్రాక్టు లెక్క కాదు, గడువు అయిపోంగనే అవతల పడేయనీకి. దేవుని నిబంధన నిత్య నిబంధన. మనిషి తప్పినా అది తప్పది" అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. చెడ్డమనిషి కాదు. కానీ కొడుకును పిలిచి ఒక్క ముక్క కూడా అనలేదు. నిబంధన గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఆడవాళ్ళనే కూర్చోబెడతారు.

ఈ నెల బల్ల నాటి ప్రసంగం కూడా నిత్య నిబంధన మీదే. ఆ ఆదివారమే సైమన్‌ను సంఘ పెద్దగా నిలబెట్టి, మొదటిసారి రొట్టె, రసం అతని చేత పంచించాలని నిర్ణయించారు. తెర మీద చూపే స్లైడ్లు ఎప్పుడూ నేనే చేస్తాను. మామగారు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపిస్తారు, నేను భోజనాల వేళ చెవుల్లో పెట్టుకుని విని టైపు చేస్తాను. ప్రళయపు వాన తర్వాత దేవుడు నోవహుకు మబ్బుల్లో చూపిన ధనుస్సు గురించి చెప్పారు. దావీదు రాజుకు ఇచ్చిన మాట గురించి చెప్పారు. వీటి మధ్యలో అబ్రాహాము వచ్చాడు. ఈ కథ నేను సండే స్కూలు నుంచీ విన్నదే. కానీ ఆ మధ్యాహ్నం క్యాంటీనులో అన్నం కలుపుతూ వింటుంటే చెయ్యి ఆగిపోయింది.

ఆ కాలంలో ఇద్దరు ఒడంబడిక చేసుకుంటే పశువులను రెండుగా నరికి, ఎదురెదురుగా పెట్టి, ఆ ముక్కల మధ్య నుంచి నడిచేవారట. మాట తప్పితే నాకూ ఇదే గతి పట్టనీ అని దాని అర్థం. దేవుడు తనతో ఒడంబడిక చేస్తానంటే అబ్రాహాము అన్నీ నరికి సిద్ధం చేశాడు. గద్దలు వాలుతుంటే తోలుతూ కూర్చున్నాడు. తీరా వేళకు అతనికి గాఢనిద్ర పట్టింది. చీకట్లో మండుతున్న పొయ్యి ఒకటి, దానితోపాటు ఒక మంట, ఆ ముక్కల మధ్య నుంచి నడిచి వెళ్ళాయి. అబ్రాహాము నడవలేదు.

కాంట్రాక్టు ఏది చేతికొచ్చినా నేను మొదట చూసేది ఒకటే. ఇందులో ఎవరెవరున్నారు, తప్పితే ఎవరి మీద పడుతుంది? అలవాటుకొద్దీ ఇక్కడా చూశాను. ఆ సాయంత్రం ఇంటికి రాగానే మామగారిని అడిగాను. "అబ్రాహాము ఎందుకు నడవలేదండీ?"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ఇంట్లో ఆయన్ని అలాంటివి అడిగేది నేనొక్కదాన్నే. "మనిషి నిలబెట్టుకోలేడని దేవునికి ఎరుకే బిడ్డా. అందుకనే అబ్రాహామును పండవెట్టి తానొక్కడే నడిచిండు. నువ్వు తప్పినా ఆ దెబ్బ నేనే తింట అన్నట్టు. కడకు సిలువ మీద గట్లనే తిన్నడు గదా. గందుకే అది నిత్య నిబంధన."

అంత అందమైన మాట నేను ఈ మధ్యకాలంలో వినలేదు. బలమున్నవాడు, బలం లేనివాణ్ణి నిద్రపుచ్చి, శిక్షంతా తన మెడకు చుట్టుకున్నాడు. దేవుడు పొయ్యిగా రావడం కూడా నాకు వింతగా అనిపించలేదు. అన్నిటి మధ్యా ఒంటరిగా మండేది ఇంట్లో అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోంచే ఇంకో ప్రశ్న వచ్చింది.

"మరి పెళ్ళిలో ఎవరు నడవాలండీ?"

"ఇద్దరు నడవాలె" అన్నారు వెంటనే. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఒకలు నడవకుంటే ఇంకొకలు ఓర్సుకోవాలె" అన్నారు. ఓర్చుకోవాల్సిన ఆ ఒకరు ఎవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మిగిలిన స్లైడ్లు పూర్తిచేశాను. అక్షరాలు పెద్దవి చేశాను, వెనక వరసలో కూర్చునేవాళ్ళకు కూడా కనబడాలని.

అప్పటినుంచీ నా మనసులో ఒక్కటే తిరుగుతోంది. ఆ కథలో నిద్రపోయే చోటు ఒకటుంది, నడిచే చోటు ఒకటుంది. మా ఇంట్లో నిద్రపోయే చోటు ఎవరిదో నాకు తెలుసు. కొట్టి నిద్రపోయాడు. అడిగి నిద్రపోతాడు. నన్ను నడిచే చోట నిలబెట్టి, ప్రతి తప్పుకూ దెబ్బ నేను తినేలా చేసి, దానికి ఆ పవిత్రమైన పేరు పెట్టారు. నాకు దేవుడి మీద కోపం రాలేదు. ఆయన తన మీద వేసుకున్న బరువును తీసి నా నెత్తిన పెట్టినవాళ్ళ మీద వచ్చింది. ఇన్నేళ్ళూ అది భక్తి అనుకుని మోసిన నామీద కూడా వచ్చింది.

ఇవాళ శనివారం. ద్రాక్ష తోళ్ళు పగిలి, రసం ముదురు రంగుకు తిరిగింది. అత్తయ్య కింద పీట మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, రెండో విడతకు కాడలు తీస్తోంది. వాసన హాల్లోకి వెళ్ళింది. సైమన్ వచ్చాడు. రేపటికి కొన్న తెల్లచొక్కా ఇప్పుడే వేసి చూసుకున్నట్టున్నాడు, చీటీ ఇంకా కాలరుకు వేలాడుతోంది.

"విమలా, ఏమన్న ఉంటే క్షమించు. రేపు బల్లుంది."

గరిటె పక్కన పెట్టాను. "ఏముందో చెప్పండి" అన్నాను.

"ఏంది?"

"దేన్ని క్షమించాలో చెప్పండి. ఆ గురువారం మీరేం చేశారో మీ నోటితో ఒక్కసారి అనండి."

"గిప్పుడు గదంత ఎందుకు? రేపు నన్ను నిలవెడుతున్నరు, జర అర్థం చేసుకో."

"అనండి. మీరు అంటే నేను నిజంగా ఆలోచిస్తాను." అది అబద్ధం కాదు. అతను అని ఉంటే నేను ఏమై ఉండేదాన్నో నాకే తెలియదు. ఇప్పటికీ ఆ మాట కోసం నాలో ఎవరో ఎదురుచూస్తూనే ఉన్నారు.

సైమన్ వాళ్ళమ్మ వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. నావైపు చూడకుండా, "నువ్వు లేటొచ్చినవ్" అన్నాడు.

"అయితే నేను క్షమించలేదు" అన్నాను. "రేపు నేను బల్ల తీసుకోను, రొట్టె, రసం ముట్టను. ఎందుకని ఎవరైనా అడిగితే అందరి ముందూ చెబుతాను."

అతని ముఖం పాలిపోయింది. చెయ్యి లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు. వాళ్ళ నాన్నను పిలిచాడు. చిన్నపిల్లాడిలా "నాయినా" అని పిలిచాడు. మామగారు కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని వచ్చి, విషయం విని, గోడ పట్టుకున్నారు. "బిడ్డా, ఏమంటున్నవు? రేపు సంఘమంత వస్తది. నిబంధన..."

"మామయ్యగారూ, మీరే చెప్పారు కదండీ. మనిషి నిలబెట్టుకోలేడని తెలిసి, అబ్రాహామును పడుకోబెట్టి దేవుడొక్కడే నడిచాడని. మన ఇంట్లో ఈయన పడుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ ముక్కల మధ్య నేనొక్కదాన్నే నడుస్తున్నాను. నేను దేవుణ్ణి కాదండి."

గిన్నెలో రసం పొంగి అంచు దాటింది. నేను మంట ఆర్పాను. మామగారు నలభై ఏళ్ళుగా అలవాటైన వైపుకు తిరిగారు. "నువ్వన్న చెప్పు రూతమ్మా, నీ కోడలికి."

అత్తయ్య ఒళ్ళో పళ్ళెం తీసి కింద పెట్టింది. చేతులకంటిన రంగు కొంగుకు తుడుచుకుంది. తలెత్తి, నావైపు కాదు, ఆయన ముఖంలోకి చూసింది.

"నేను గూడ దేవున్ని కాదు" అంది.