వాళ్ల మనిషిని కాను

"ఇంత మొండితనం దేనికే పిల్లా? చిటికెడు సాంబ్రాణి వేసేస్తే పోయేదిగా!" అన్నారు మా ఆయన, టీవీలోని పిల్లతో.

నేను సోఫా వెనక నిలబడి ఆరిన దుప్పట్లు మడతపెడుతున్నాను. రోము చక్రవర్తుల కాలం నాటి సినిమా అది. ఆ పిల్ల క్రీస్తును నమ్మేవాళ్లలో కలిసింది. విగ్రహం ముందు నిప్పుల మీద సాంబ్రాణి వేసి, "నేను వాళ్ల మనిషిని కాను" అంటే వదిలేస్తానంటున్నాడు అధికారి. గోడ అవతల సింహాలు. ఆ పిల్ల గడ్డం వణుకుతోంది. ఆ మాట మాత్రం అనడం లేదు.

ఏ సింహమూ లేకుండానే ఆ మాట అన్నదాన్ని నేను.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. ఆసుపత్రిలో నెత్తుటి దుప్పట్లు ఉతికేది. బడికి పంపలేకపోయింది గానీ ఆకలి తెలియనివ్వలేదు. నాకు సంబంధం కుదిరినప్పుడు, "నా పని సంగతి తెలిస్తే వెనక్కి పోతారే. నాకెవరూ లేరని చెప్పు" అని తనే నేర్పింది. పెళ్లికి రాలేదు. ఆర్నెల్లకు ఉండబట్టలేక మా గుమ్మంలోకి వచ్చింది, బట్టల సోడా నీళ్లకు పగిలిన చేతులతో. "ఎవరే అది?" అన్నారు అత్తగారు వంటింట్లోంచి. "ఎవరో అత్తయ్యా, పాత బట్టలు అడుగుతోంది" అన్నాను. అని ఊరుకున్నానా? లోపలికెళ్లి నా పాత చీర తెచ్చి చేతిలో పెట్టాను. అక్క దాన్ని కళ్లకద్దుకుని, "చల్లగా ఉండండి అమ్మగారూ" అంది. మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఏడాదికోసారి కూరగాయలకని చెప్పి, దొంగలా నేనే వెళ్లి చూసొస్తాను. ఆ చీర ఊసు ఇద్దరం ఎత్తం.

తెర మీద పిల్ల సాంబ్రాణి వెయ్యకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ రోజు చీర పట్టుకెళ్లింది మా అక్క" అన్నాను. నలభై అయిదేళ్ల తరవాత.

ఆయన తల తిప్పలేదు. "తెలుసులే. వసారాలోంచి చూశాగా, అచ్చు నీ ముక్కే. అమ్మ కూడా వంటింటి తలుపు సందులోంచి చూసి పోల్చుకుంది. 'పుట్టిల్లు లేదని తనే చెప్పుకుంది, మంచిదేరా. రేపు అలిగినా ఎక్కడికి పోతుంది' అని నవ్వింది. పాపం, అమ్మ ముందుచూపే వేరు."

సగం మడిచిన దుప్పటి ఆయన ఒళ్లో పెట్టి చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికే? సినిమా అవలేదింకా."

"పుట్టింటికి" అన్నాను.