పంటు మోయని కారు

వానకారు వెనుదిరిగి శరత్తు కాలూనినను గౌతమి యింకను ఎఱ్ఱనీటి పొగరు విడువక లంకగట్టుల నొరసికొని పాఱుచుండ, ఒడ్డున రెల్లుపూలు ఆరవేసిన చలువబట్టలవలె తెల్లగా మెఱయుచున్న మహర్నవమి యుదయమున, రంగపతిరాజుగారి లోగిట రెండు కార్లు పసుపుకుంకుమల నలంకృతములై చక్రముల క్రింద నిమ్మపండ్లతో ఆయుధపూజకు సిద్ధమై నిలిచియుండెను.

అందొకటి ఆయన ఆస్టిను. రెండవది ఏటేట పండుగకు చెల్లెలి యింటికి విచ్చేయు బావగారు జగ్గరాజుగారి బ్యూక్. విజయదశమినాడు నిమ్మపండ్లు నలిపి బయలుదేఱి ఏటిగట్టుపై ఆ రెండును పందెమాడుట వారి వాడుక. బ్యూక్ ఎనిమిది సిలిండర్లది, గంటకు ఎనుబది మైళ్లు అవలీలగా పోవునది, లోని వారికి గతుకు తెలియనీయనిది. ఆస్టిను నాలుగు సిలిండర్లది, యేబదికి మించి యాసపడనిది, గాలను పెట్రోలుతో ముప్పదియైదు మైళ్లు నడచునది. ఏనాడును గెలువకున్నను రంగపతిరాజుగారు తన కారు గుణములను ఏకరువు పెట్టుట మానలేదు. "మీ బండే మేలు" అని బావగారి నోట ఒక్కమాఱు వినవలెనని ఆయనకు ఏండ్ల తరబడి కోరిక. ఈ పెద్దమనుషుల పిల్లతగవునకు నవ్వుచు కాఫీ లందించునది ఒకరికి భార్యయు నొకరికి చెల్లెలునగు నీలాయమ్మగారు.

ఆ నవమి యుదయమే యామెకు కడుపున శూల పుట్టెను. ఊరి వైద్యుడు చూచి, శస్త్రచికిత్స కావలెను, ఏటికి ఆవలి పట్టణమునకు తక్షణమే చేర్పుడనెను. పూజలోని వాహనమును కదల్పరాదను నియమము ఎవరికిని గుర్తురాలేదు. ఏది కదలవలె నన్నదే తగవయ్యెను.

"నా బండిలో రెప్పపాటులో చేరతాం బావగారూ. మీదెప్పటికి వెళ్లేను?" అనెను జగ్గరాజుగారు.

"అన్నయ్య కారులోనే వెళ్దామండీ. మీ కారు నాకు రోజూ ఉన్నదేగా," అని నీలాయమ్మగారు నొప్పిలోనే భర్తను చూచి నవ్వబోయిరి.

రేవులో కార్లను దాటించు బల్లకట్టు, ఆ పంటు, ఎంత బరువు మోయునో వారము వారము దాటు రంగపతిరాజుగారికి తెలియును. ఆ మాట నాలుక చివరకు వచ్చెను. ఎప్పటి గొప్పలే యనుకొందురని మ్రింగివైచెను.

రేవున పడవ సరంగు సత్తెయ్య బ్యూకును చూచి తల యడ్డముగా నూపెను. "ఈ ఉరవడిలో ఇంత బరువు పంటు మొయ్యదు రాజుగారూ. మీ సిన్నకారైతే నిమిషంలో దాటించేద్దునండి." ఆవలిగట్టున ఎద్దుబండి తప్ప మఱొక వాహనము లేదు. జగ్గరాజుగారు బ్యూకును వెనుకకు పరుగుపెట్టించి ఆస్టినును తెచ్చునంతవఱకు రంగపతిరాజుగారు రెల్లుపొదల నీడను భార్య తలను ఒడిలో నుంచుకొని కూర్చుండెను. చిన్నకారును పంటు ఏ బాధయు లేక మోసెను. ఆవలిగట్టు తగులకమునుపే నీలాయమ్మగారి శ్వాస యాగెను.

ఏడాది తిరిగెను. రివాజు తప్పక కార్లు కడుగబడెను, నిమ్మపండ్లు పెట్టబడెను. దశమి యుదయమున ఇరువురును వసారాలో కూర్చుండిరి. కాఫీ తెచ్చువారు లేరు.

"మీ బండే మేలు బావగారూ," అనెను జగ్గరాజుగారు తల వంచుకొని. "నా గొప్పే చెల్లిని చంపింది."

ఇన్నేండ్లు వినగోరిన మాట విన్నంతనే రంగపతిరాజుగారికి దుఃఖ మాగలేదు. ఇప్పుడును ఊరకున్నచో ఆ పాపమంతయు ఎదుటివానిదే యగును.

"పంటు సంగతి నాకు ముందే తెలుసు బావగారూ. మీరు నవ్వుతారని చెప్పలేదు."

జగ్గరాజుగారు లేచిపోక, కుర్చీని బావగారి దాపునకు జరుపుకొని కూర్చుండెను. ప్రొద్దు వాలినను ఎవరును కార్లకడకు పోలేదు. చక్రముల క్రింది నిమ్మపండ్లు నలుగకయే వాడిపోయెను.