అల్లుణ్ణి విసిరే గుట్ట

మా ఊళ్ళో అల్లుడికి జరిగే మర్యాద ఒక్కటే. జనవరి నడుమ, చిన్న కొత్త సంవత్సరం నాడు, వైద్యబుద్ధుడి గుడి ముందున్న గుట్ట అంచుకు మోసుకెళ్ళి, కాళ్ళూ చేతులూ పట్టుకుని ఊపి, కింద మంచులోకి విసిరేస్తారు. ఊరిపిల్లను చేసుకున్న పైఊరివాడికి పెళ్ళయిన ఏడాది జరిగే పండగ ఇది. కింద పడ్డవాణ్ణి పెళ్ళాం వచ్చి లేపి, ఒంటిమీది మంచు దులుపుతుంది. అంతటితో వాడు ఊరివాడైపోయినట్టే. దెబ్బలేం తగలవు, మనిషిన్నర లోతు మెత్తటి మంచు ఉంటుంది కింద. కానీ పిల్ల తండ్రి సాకే అనే బియ్యపు సారా సీసా పట్టుకుని యువజన సంఘం వాళ్ళ గడప తొక్కాలి. "మా అల్లుణ్ణి విసరండి" అని నోటితో అడగాలి. అడగనిదే ఎవరూ చెయ్యి వెయ్యరు.

మా ఆయన తొకుజీ అడగనన్నాడు.

"ఎవర్ని విసరమని అడగాలే? ఆ మనిషినా? నన్నడిగి చేసుకుందా నీ కూతురు?" ఎప్పుడు కదిపినా ఇదే పాట.

ఆ మనిషంటే మా అమ్మాయి కాయో మొగుడు గాంతుమూర్. మంగోలియావాడు. టోక్యోలో ఒకే గిడ్డంగిలో పనిచేస్తూ ఇద్దరూ ఇష్టపడ్డారు, ఆఫీసుకెళ్ళి సంతకాలు పెట్టేసి, ఆ తర్వాత మాకు ఫోన్ చేశారు. నాకూ ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు? కానీ ఆకులు రాలే రోజుల్లో ఇద్దరూ మూటాముల్లెలతో వచ్చేశారు. వాడు గుమ్మంలో చెప్పులు విప్పుతూ "అత్తయ్యా, ఆకలేస్తోంది" అన్నాడు. అలా అడిగినవాడి మీద కోపం నిలుపుకోవడం నావల్ల కాలేదు.

వాడికి పుట్టగొడుగుల షెడ్డులో పని దొరికింది, కాయోకి సహకార సంఘం కొట్లో. మంచు మొదలయ్యేదాకా వాడి గొప్పలకు అంతు లేదు. "మా ఊళ్ళో మైనస్ నలభై అత్తయ్యా! ఈ చలి ఒక చలా?" అనేవాడు. డిసెంబరు వచ్చాక మాట మారింది. "అత్తయ్యా, మా గుడారంలో చలికాలం చొక్కాతో కూర్చుంటాం. మీరేమిటి, ఇంట్లోనే మఫ్లరు కట్టుకుని, మూతికి పొగలొస్తూ అన్నం తింటారు? ఇల్లు కట్టింది మనుషులకా, చేపలకా?"

"నోరు మూసుకుని కాళ్ళు లోపల పెట్టు" అని, అడుగున కుంపటి ఉండే కొతాత్సు బల్ల దుప్పటి ఎత్తేదాన్ని. ఆ బల్లకింద మాత్రమే మాకు వెచ్చదనం.

మా మంచుతో కూడా వాడికి పేచీయే. అక్కడి మంచు పొడిగా ఉంటుందట, ఊదితే పోతుందట. మాది ముద్ద. పార గుచ్చితే పార రాదు, పార వస్తే మనిషి వెల్లకిలా పడతాడు. మా వాకిట్లో వాడు పడని చోటు లేదు. యువజన సంఘం నాయకుడు, ఎదురింటి ఇవావో పెళ్ళాం ఫుసాయే రోజూ అరుగు మీంచి చూసి "ఎంత బాగా మాట్లాడతావు బాబూ మా భాష!" అనేది. "మా పుల్లలతో తినడం కూడా వచ్చా?" అని నోరు వెళ్ళబెట్టేది.

"అత్తయ్యా, ఆవిడకి నిన్న కూడా చెప్పాను వచ్చని. రోజూ కొత్తగా ఆశ్చర్యపోతుందేమిటి?"

"ఆవిడకి ఇంకో కాలక్షేపం లేదులే నాయనా."

ఇలా నవ్వుతూ పోతున్నవాడు ఒకరోజు షెడ్డు నుంచి వస్తూ గుడి గుట్ట దగ్గర ఆగి, పై అంచుకేసి చూస్తూ నిలబడిపోయాడు. ముల్లంగులు తవ్వి తెస్తున్న నన్ను చూసి, మెల్లగా అడిగాడు.

"నన్ను విసురుతారా అత్తయ్యా?"

"ఎందుకు విసరరు?"

"కొట్లో అనుకుంటుంటే విన్నాను. 'ఆయన అతిథి కదా, అతిథిని విసురుతామా' అన్నారు."

అతిథి అనడం మర్యాదే. కానీ మనవాడు కాదని చెప్పడానికి అంతకన్నా మెత్తని మాట మరొకటి లేదు. సగం ముల్లంగులు వాడి చేతిలో పెట్టాను.

ఆ సాయంత్రం కాయో వంటింట్లో ఊరగాయ ముల్లంగి తరుగుతూ తేల్చి చెప్పేసింది. "అమ్మా, సముద్రం పక్క పట్నంలో గాంతుమూర్‌కి ఉద్యోగం ఇస్తామన్నారు. పండగ దాటగానే జవాబు చెప్పాలి. నాన్న వెళ్ళి అడిగితే ఇక్కడే ఉంటాం. అడక్కపోతే మంచు కరగ్గానే వెళ్ళిపోతాం. మామగారే పేరెట్టి పిలవని ఊళ్ళో ఆయన్నెందుకు ఉంచాలి?"

"ముందా కత్తి కిందపెట్టి మాట్లాడవే" అన్నాను గానీ, దానిమాటలో తప్పేముంది? కానీ వాళ్ళు వెళ్ళిపోతే ఎలా? వాడొచ్చాకే మా ఇంట్లో అన్నం దగ్గర నవ్వు వినబడుతోంది మరి.

మా ఆయన ముందు సాకే సీసా తెచ్చిపెట్టాను. "మీరు నోరు విప్పి ఒక్క మాట అంటే ముత్యాలేం రాలవు."

"నడుము పట్టేసిందే. గడప దాటలేను."

నడుము పట్టేసిన మాట నిజమే, మూడు రోజుల కిందట. కానీ నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలీదా? ఆ నొప్పి సగం నడుములో ఉంది, సగం నోట్లో ఉంది.

నడుము పేరుతో ఆయన కప్పు ఎక్కి మంచు తొయ్యడం మానేశాడు. కప్పుమీద మంచు మాత్రం మానలేదు. ఇవావో "నేనొచ్చి తోసిపెడతా అన్నా" అంటే ఆయన అభిమానం ఒప్పుకోలేదు. ఇక గాంతుమూర్ నిచ్చెన వేసుకుని ఎక్కేశాడు. మైనస్ నలభైవాడు కదా, పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా ఎడతెరిపి లేకుండా తోశాడు. దిగి వచ్చి "చూడండత్తయ్యా!" అన్నాడు ఆయాసపడుతూ. వీధివైపు కప్పంతా రేకు తళతళా మెరుస్తోంది, అద్దంలో మొహం చూసుకోవచ్చు. పెరటివైపు మంచు మాత్రం చెక్కుచెదరలేదు. అది రేపట్నుంచి మొదలుపెడతాడట.

నేను బయట నిలబడి చూసుంటే ఆపేదాన్ని. పొయ్యి దగ్గరున్నాను. వేడి టీ ఇచ్చి, "మా బాబే" అని మెచ్చుకున్నాను కూడా.

మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు, కప్పు రెండువైపులా కొంచెం కొంచెంగా, సమంగా దింపుకుంటూ రావాలి. ఒకవైపే దింపితే రెండోవైపు బరువుకు ఇల్లు ఒరుగుతుంది. వాడికెవరు చెప్పారు? చెప్పవలసినవాడు వాడితో మాట్లాడడాయె.

ఆ రాత్రంతా మంచు పడుతూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం మా ఆయన "నడుముకి వేడి తగలాలి" అంటూ పెరటివైపున్న స్నానాల గదిలోకి వెళ్ళి, తొట్టెలో కూచున్నాడు. కాసేపటికి ఇల్లు మూలిగింది. ఇంకాసేపటికి ఆయన మూలిగాడు.

"ఏమే! తలుపేం చేశావే?"

లాగాను. తన్నాను. గుమ్మంపై దూలం కుంగి తలుపును పట్టేసింది. అటుపక్క నుంచి ఆయన గుద్దుతున్నాడు, ఇటుపక్క నుంచి నేను తిడుతున్నాను. అప్పుడే షెడ్డు నుంచి వచ్చిన గాంతుమూర్ ఆ తలుపు చూసి, పైకప్పుకేసి చూశాడు. వాడి మొహం పాలిపోయింది. పార పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. వెనకే నేనూ.

పెరటి మంచు స్నానాల గది కిటికీదాకా పేరుకుని ఉంది. చలికాలం కదా, కిటికీకి బయటినుంచి చెక్కలు బిగించేశాం. వాడు తవ్వాడు, చెక్కలు పీకాడు, కిటికీ తెరిచాడు. గుప్పున ఆవిరి వచ్చింది, ఆవిరి వెనక మా ఆయన మొహం వచ్చింది.

"నువ్వా? నువ్వొద్దు. ఇవావోని పిలువు!"

"మామయ్యగారూ, నీళ్ళు చల్లారిపోతాయి."

"చల్లారనీ!"

"చేతులివ్వండి మామయ్యగారూ."

"ఇవ్వను."

నాకిక తిక్కరేగింది. "ఇస్తారా, ఇల్లు నెత్తిన పడేదాకా అక్కడే ఉడుకుతారా?" అని అరిచాను. చేతులు బయటికొచ్చాయి.

గాంతుమూర్ గుర్రాల మందల్లో పుట్టి పెరిగినవాడు. తల్లి కడుపులోంచి తడి పిల్లను బయటికి లాగడం చిన్నప్పటినుంచీ అలవాటట. మా ఆయన చంకల కింద చేతులు దూర్చి, కాళ్ళు తన్నిపెట్టి, బలంకొద్దీ లాగాడు. ఆయనకేమో ఒళ్ళంతా సబ్బు. జర్రున జారి, అల్లుడి భుజంమీదుగా పల్టీకొట్టి, మంచుదిబ్బ పైనుంచి దొర్లుకుంటూ సందులో పడ్డాడు. తొట్టెలో కూచునేటప్పుడు నెత్తిమీద మడతపెట్టుకునే చిన్న తువ్వాలు నెత్తిమీదే ఉంది. ఉండవలసిన చోట మాత్రం నూలుపోగు లేదు.

సందులో మంచు ఎగజిమ్మే యంత్రంతో ఇవావో నిలబడి ఉన్నాడు. పక్కనే ఫుసాయే. ఆమె రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి చూస్తూనే ఉంది. నేను నడుముకి కట్టుకున్న వంటగుడ్డ విప్పి ఆయన మీదికి విసిరాను.

"తొకుజీ అన్నా!" అన్నాడు ఇవావో యంత్రం ఆపేసి. "ఊళ్ళో అల్లుణ్ణి విసరడం విన్నాం గానీ, అల్లుడు మామను విసరడమేంటన్నా?"

ఇంతలో గాంతుమూర్ దిబ్బమీంచి దూకి వచ్చాడు. మామగారిని లేపి నిలబెట్టి, రెండు చేతులతో ఆయన ఒంటిమీది మంచు దులపడం మొదలుపెట్టాడు. విసిరితే పడ్డవాళ్ళని దులపాలని ఎవరో చెప్పారు కదా పాపం. వీపు, భుజాలు, మోకాళ్ళు, ఒక్కచోటు వదలకుండా శ్రద్ధగా దులిపాడు. ఇవావో పొట్ట పట్టుకుని మంచులో కూలబడ్డాడు.

"చాలు! చాల్లేవయ్యా!" అన్నాడు మా ఆయన పళ్ళు టకటకలాడిస్తూ.

లోపలికి తెచ్చి, ఉన్న దూది కోట్లన్నీ కప్పి, కొతాత్సులో కూచోబెట్టాను. గాంతుమూర్ ఎదురుగా మోకాళ్ళమీద కూచుని తల నేలకానించాడు. "తప్పు నాది మామయ్యగారూ. ఒకవైపే చేశాను."

మా ఆయన టీ కప్పు బల్లమీద పెట్టాడు.

"గుర్రం మీద మూటలు ఎలా వేస్తావు?"

"రెండువైపులా సమంగా వేస్తాను."

"ఒకవైపు దించి, రెండోవైపు రేపు దించుతానని నిద్రపోతావా?"

"గుర్రం ఒరిగిపోతుంది కదండీ."

"మరి ఇల్లు?"

గాంతుమూర్ తలెత్తాడు. అర్థమైన వెలుగు వాడి మొహమంతా పాకింది, నవ్వు తన్నుకొచ్చింది. మా ఆయన మూతి కూడా ఒక పక్కకి వంకరపోయింది. ఆపుకోవడానికి టీ తాగాడు, పొలమారింది.

వాడు వెంటనే నిచ్చెన ఎక్కాడు. కిందనుంచి మా ఆయన దూది కోట్లలో ఉండలా నిలబడి కేకలు. "రేకు కనబడకూడదు! జానెడు మంచు ఉంచు, లేకపోతే కాలు జారుతుంది! అటు కాదు, అంచు నుంచి రా!" నడుము సంగతి ఆయనకు గుర్తులేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. పొద్దువాలేసరికి దూలం లేచింది, తలుపు జరిగింది.

ఊరంతా ఈ కథ పాకడానికి ఎంతసేపు? కాయో కొట్టు నుంచి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ వచ్చింది. "నాన్నా, నువ్వు ఎంతదూరం ఎగిరావని అందరూ అడుగుతున్నారు!"

మా ఆయన లేచాడు. సీసా చంకలో పెట్టుకుని బూట్లు తొడుక్కున్నాడు.

"ఎక్కడికండీ?" అన్నాను.

"ఇవావో ఇంటికి. నన్ను విసిరినవాణ్ణి ఊరికే వదులుతానా?"

తలుపు మూసుకోగానే నేనూ కాయో ఒకర్నొకరు పట్టుకున్నాం. గాంతుమూర్‌కి ఒక క్షణం అర్థం కాలేదు. అయ్యాక, వాళ్ళ దేశపు ఉప్పు పాలటీ కాచి మా అందరికీ పోశాడు. ఇంత ఘోరమైన టీ నేను ఎన్నడూ తాగలేదు, మళ్ళీ పోయించుకున్నాను.

పండగనాడు పల్చగా మంచు పడుతోంది. గుట్టమీద యువజన సంఘం బారులుతీరింది. సంఘం పేరే యువజనం, నాయకుడు ఇవావోకి మనవలున్నారు. ఎర్రపట్టీ కట్టిన గాంతుమూర్‌ని మోసుకొచ్చారు. ఆనవాయితీ ప్రకారం మామగారు పక్కన కూచుని తాగాలి. మా ఆయన మాత్రం వెళ్ళి వాడి కుడిచెయ్యి పట్టుకున్నాడు. కాయో కింద ఎదురుచూస్తోంది.

ఊపారు. విసిరారు. విసిరారనేనా అనాలి? పరాయి దేశంవాడు, ఏమన్నా అవుతుందేమోనని భయపడి, అంచు కిందే మెల్లగా వదిలేశారు. వాడు కూచున్నట్టు పడ్డాడు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. వాడూ మర్యాదగా నవ్వాడు, కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. కాయో తలవంచుకుని మంచు దులపబోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

"ఆగవే కాయో!"

పైనుంచి మా ఆయన గొంతు. కొండలు ప్రతిధ్వనించాయి.

"ఇవావో! అదేం విసరడంరా? కోడిగుడ్ల బుట్ట దించినట్టు దించారు! మీ అల్లుణ్ణి ఇలాగే విసిరామా ఆ ఏడు? వాడి బూటు వసంతందాకా దొరికిందా? మా గాంతుమూర్ అంత తీసిపోయాడా? వాడు మా ఇంటి అల్లుడురా! తీసుకురండి పైకి! మళ్ళీ విసరాలి!"

ఎవరూ తీసుకురానక్కర్లేకపోయింది. వాడు చేతులూ కాళ్ళూ వేసి గుట్ట పాకి, వాళ్ళ మధ్యకెళ్ళి వెల్లకిలా పడుకున్నాడు. ఈసారి ఆ ముసలి యువకులంతా ఒళ్ళు దాచుకోకుండా ఊపారు. మా ఆయనైతే పళ్ళు బిగించి ఊపాడు. వాడు గాల్లో ఏదో పెద్దగా కేకపెడుతూ, కాయో నెత్తిమీదుగా వెళ్ళి మంచులో తలకిందులుగా దిగబడ్డాడు. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. ఊరు ఊరంతా ఈలలు. నేను నలుగురిలో ఉన్నానని మరిచి భోరున ఏడ్చేశాను.

కాయో వాణ్ణి కాళ్ళు పట్టి లాగి, చెవుల్లో మంచు కూడా వదలకుండా దులుపుతూ నా వైపు తిరిగి అరిచింది. "అమ్మా! రేపు పట్నానికి ఫోన్ చేసి రామని చెప్పేస్తాను!"

"రేపెందుకే?" అని అరిచాను. "ఇప్పుడే చెయ్యి!"