రేఖ లోపలి చుక్క

చాటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతున్నాను. ఒడిలో పుస్తకం తెరిచి ఉంది.

"బియ్యం మీద చూపు పెట్టు హేమ్లీ. మొన్న పంటికి రాయి తగిలింది," అన్నాడు లచ్చిరాం మంచం మీది నుంచే.

ఆ గొంతులో కోపం లేదు. నా మొగుడికి ఎప్పుడూ కోపం రాదు. భద్రాచలంలో ఆఫీసు గుమాస్తా. తండా విడిచి వచ్చినప్పుడు, పిల్లలకు అలవాటవుతుందని ఇంట్లో లంబాడీ మాని తెలుగే మాట్లాడమన్నాడు. మాట్లాడుతున్నాం. ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. కడతానంటే ఫారం తనే తెచ్చాడు. "చదువుకో, నేనొద్దన్ననా? ఇల్లు మాత్రం ఆగొద్దు." అత్త ద్వాలి మాత్రం, "సదివి కలెక్టరయితవా?" అంది. ఇల్లు ఆగలేదు. పరీక్షలే ఆగాయి. మొదటి ఏడు చిన్నదానికి తట్టు, రెండో ఏడు మరిది లగ్గం. ఇది మూడో ఏడు, 1989.

ఆ ఆదివారం క్లాసులో ఎకనామిక్స్ చెప్పే రామ్‌చందర్ సార్ బోర్డు మీద ఒక వంపు గీత గీశాడు. ఉత్పత్తి అవకాశాల వక్రరేఖ.

"ఒక ఊరున్నది. ఉన్న భూమి ఇంతే, ఉన్న కూలీలు ఇంతే. వడ్లు పండిస్తరు, మిర్చి పండిస్తరు. మిర్చి ఎక్కువ కావాలంటే కొన్ని వడ్లు వదులుకోవాలె. ఆ వదులుకున్నదే మిర్చికి అసలు ఖరీదు."

వంపెందుకని ఎవరో అడిగారు. మొదట మిర్చికి బాగా పనికొచ్చే మెట్ట చెలకలిస్తారట, వడ్లకు పెద్ద నష్టం ఉండదు. పోను పోను వరి మడులే ఇవ్వాల్సి వస్తుంది. అప్పుడు ఒక్కో బస్తా మిర్చికి పోయే వడ్లు పెరుగుతూ పోతాయి.

నాకు రెండోసారి చెప్పించుకునే పని పడలేదు. చదువుకు నేనిచ్చిన మొదటి గంట పక్కింటి అరుగు మీది కబుర్లది, పోతే పోయింది. రెండోది మధ్యాహ్నం నడుం వాల్చేది. మూడోది పెద్దదాని తల దువ్వేది. పేలున్నాయని బడిలో దాన్ని విడిగా కూర్చోబెట్టారు. నాలుగో గంటకు ఏమివ్వాలో తెలియక చాలా రోజులుగా ఇంట్లో వెతుకుతున్నాను.

సార్ గీత లోపల ఒక చుక్క పెట్టాడు. "ఊరు ఇక్కడుందంటే, పనికొచ్చేదేదో ఊరికే పడి ఉన్నట్టు. దాన్ని పనిలో పెడితే వడ్లు తగ్గకుండనే మిర్చి పెరుగుతది."

"సార్, ఊరికి బదులు ఇల్లనుకోవచ్చా?" అన్నాను.

కొందరు నవ్వారు. సార్ నవ్వలేదు. "అనుకోవచ్చమ్మా. కానీ ఇంటి పనిని జాతీయాదాయంల కలపరు."

ఇంటికొచ్చి లచ్చిరాంకు ఆ గీత గీసి చూపించాను, ఒక వైపు ఇల్లు, ఒక వైపు చదువు. జల్దీగానే అర్థం చేసుకున్నాడు. మంచం మీద ఒరిగే గీత మీద వేలు పెట్టి, "గంతే కద. నువ్వు చదువు దిక్కు శాన జరిగినవ్. కొంచెం ఇటు రా," అన్నాడు. లోపల నేను పెట్టిన చుక్కను ఆయన చూడలేదు. నేను చూపించనూ లేదు. ఏడుపు రావాల్సింది. రాలేదు. చాయ్ పెట్టాను.

పరీక్షలు ఖమ్మంలో, ఆరు రోజులు. అక్కడే హాస్టల్లో ఉండాలి. వారం ముందు ఆయన, "ఆఫీసుల ఆడిటున్నది. ఈసారికి వదిలెయ్, వచ్చే ఏడు రాద్దువు," అన్నాడు. తలూపాను. ఊపడం అలవాటు.

బయలుదేరాల్సిన పొద్దున తల దానంతటదే ఊగడం మానేసింది. సంచి సర్దుకుని చెప్పులు తొడుక్కున్నాను. "నీళ్లు నాలుగింటికొస్తయ్. చిన్నదానికి కారం వెయ్యకు. పెద్దదానికి రోజూ తల దువ్వాలె."

లచ్చిరాం నా చెప్పుల వంక చూశాడు. "నాతోని యాడయితది?" తల్లి వైపు తిరిగాడు. "అమ్మ చేస్తదిలే."

అత్త గోడకానుకుని కూర్చుని ఉంది. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

"నలభై ఏండ్లు చేసిన. ఇగ చెయ్య," అంది. "లే లచ్చిరాం."

కొడుకుతో అత్త అలా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. ఆయన లేచాడో లేదో తెలియదు. నేను ఆగి చూడలేదు.

బస్సు గోదావరి వంతెన దాటుతుంటే భయమో సంతోషమో వస్తుందేమోనని ఎదురుచూశాను. ఏదీ రాలేదు. కండక్టర్ వచ్చి ఎన్ని టికెట్లన్నాడు. అలవాటుగా పిల్లల కోసం పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు.

"ఒక్కటే," అన్నాను.